బెండు కింద జిగ్గు, నీళ్ల కింద ఊళ్లు

పోస్ట్ పెద్దదే, మెస్ లైన్లో నిలబడి సగం, రూముకి వచ్చాక సగం చదవండి.

మన గ్రూపులో 1/70 చట్టం మీద, పోరాట వీరుల మీద, భాషల మీద సీనియర్ అన్నలు, అక్కలు చాలా మంచి పోస్టులు రాశారు. నేను గాలం గురించి రాస్తున్నా. నవ్వకండి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటివాణ్ణి. ఇంట్లో పుస్తకాలు లేవు గానీ చూరులో గాలాలు ఎప్పుడూ ఉండేవి. హిస్టరీ చదువుతున్నవాడు ముందు తన ఇంటి చూరులో ఉన్నదాని చరిత్ర తెలుసుకోవాలి కదా అని మొదలుపెట్టా. గోదావరి ఒడ్డు నుంచి బయల్దేరి అమెరికాలో టెన్నెసీ అనే రాష్ట్రం దాకా వెళ్లాల్సి వచ్చింది. ఎందుకో చెప్తా.

ముందు వస్తువు గురించి. మనం కట్టే గాలంలో ఐదు ముక్కలు: కర్ర, టంగూసు దారం, బెండు, బరువు, ముల్లు. ముల్లుకి ఎర్ర గుచ్చుతాం. బెండు అంటే జీలుగ బెండో, నెమలి ఈక కాడో, ఏదీ దొరక్కపోతే తెగిపోయిన హవాయి చెప్పు ముక్కో. బరువంటే వలకి కట్టే సీసం గుండో, సైకిల్ నట్టో. అమెరికా వాళ్ల గాలంలో కూడా ఇవే ఐదు. తేడా ఒక్కటే, చాలామంది ఎర్ర బదులు "జిగ్" వాడతారు. జిగ్ అంటే ముల్లు మెడ దగ్గరే చిన్న సీసం గుండు పోతపోసి, దాని వెనక పిట్ట ఈకలో, బొచ్చో, మెత్తటి రబ్బరో కట్టినది. నీళ్లలో అది చిన్న చేపపిల్లలా కనపడుతుంది. కట్టేవాళ్లు ఇంట్లో కూర్చుని దారంతో చుట్టుకుంటారు, మన తాతలు ఈక కాడ చెక్కినట్టే.

ఈ జిగ్గుల్లో బాగా చిన్నవి ఉంటాయి. ఔన్సులో పదహారో వంతు, అంటే సుమారు 1.8 గ్రాములు. మన రూపాయి బిళ్ల బరువు కూడా ఉండదు. ముప్పై రెండో వంతువి ఇంకా చిన్నవి, గ్రాము లోపే. ఇంత తేలికది చేత్తో విసిరితే నాలుగు గజాలు కూడా పోదు, గాలికి వెనక్కి వస్తుంది. అందుకే దానికి పైన బెండు కడతారు. విసిరేటప్పుడు బెండు బరువే జిగ్గును లాక్కెళ్తుంది. నీళ్లలో పడ్డాక బెండు దాన్ని అనుకున్న లోతులో వేలాడదీస్తుంది. ఒకే వస్తువు, గాల్లో ఒక పని, నీళ్లలో ఇంకో పని.

మరి ఇంకొంచెం సీసం ఎందుకు కలుపుతారు? ఇది మన ఊళ్లో పిల్లలకి కూడా తెలిసిన సంగతే, కాకపోతే ఎవరూ ఫిజిక్స్ అనరు. బెండు నీళ్ల మీద బాగా పైకి తేలి ఉంటే చేప లాగినప్పుడు దానికి బరువు తగులుతుంది. తగలగానే ఎరని వదిలేస్తుంది. బెండు కొన మాత్రమే పైకి కనపడేలా కింద సీసం కలిపితే చేప ముద్దు పెట్టినా బెండు మునుగుతుంది. పైగా గాలికీ పారకానికీ జిగ్గు పక్కకి తేలిపోకుండా సీసం దాన్ని కిందికి దించుతుంది. కానీ సీసాన్ని జిగ్గుకి మరీ దగ్గరగా పెట్టకూడదు. పెడితే జిగ్గు ఊగడం మానేసి చచ్చిన పుల్లలా వేలాడుతుంది. కొంచెం పైన పెడితే కింద దారం వదులుగా ఉండి, చిన్న అల వచ్చి బెండు ఎగిరినప్పుడల్లా ఈకలు ఊపిరి తీసుకున్నట్టు కదులుతాయి. అంటే చేప కోసం ఎరని ఆడించేది అలలే, మనిషి ఊరికే కూర్చుంటే చాలు. ఇంకో గమ్మత్తు ఉంది. చేప కిందనుంచి వచ్చి జిగ్గును పట్టి పైకి లేపితే బెండు మునగదు, పక్కకి పడుకుంటుంది. బరువు పోయింది కాబట్టి. మా తాత "బెండు పడుకుంటే కొట్టరా" అనేవాడు. టెన్నెసీ ముసలాయన ఒకడు వీడియోలో అచ్చంగా అదే మాట ఇంగ్లీషులో చెప్పాడు. హాస్టల్ రూములో నేనొక్కణ్ణే నవ్వుకున్నా.

పుస్తకాల్లో ఇది ఎప్పటినుంచి ఉంది అని వెతికితే, ఇంగ్లీషులో అచ్చయిన తొలి గాలం పుస్తకం 1496లో వచ్చింది. జూలియానా బెర్నర్స్ అనే ఆమె రాసిందని పేరు. అందులో గుర్రం తోక వెంట్రుకలతో దారం పేనడం, సూదిని కాల్చి వంచి ముల్లు చేయడం, కార్కు బెండుకి కన్నం చేసి ఈక కాడ దూర్చడం, దానికి తగ్గ సీసం పెట్టడం అన్నీ ఉన్నాయి. మన దక్కనులో అంతకంటే మూడు వందల ఏళ్ల ముందే, 12వ శతాబ్దంలో, కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి 'మానసోల్లాసం'లో చేపలు పట్టడం మీద ఒక భాగం ఉంది. అయితే అది రాజుగారి వినోదం. వినోదం కాకుండా కూటి కోసం పట్టినవాళ్ల సంగతి ఎవరూ రాసుకోలేదు. మన చరిత్రంతా ఇంతే, చేతుల్లో ఉంటుంది, కాగితం మీద ఉండదు. సరే, అది వేరే పోస్ట్.

ఇప్పుడు టెన్నెసీకి వద్దాం. చిన్న జిగ్గును బెండు కింద వేలాడదీసి పట్టే ఈ పద్ధతికి అక్కడ 'ఫ్లోట్ అండ్ ఫ్లై' అని ప్రత్యేకంగా పేరుంది. పుట్టింది రాష్ట్రానికి తూర్పున, కొండల మధ్య రిజర్వాయర్ల మీద. పట్టేది ముఖ్యంగా స్మాల్‌మౌత్ బాస్ అనే చేపని. చలికాలంలో, నీళ్లు 10 డిగ్రీల కన్నా చల్లబడ్డప్పుడు, ఈ చేప దేన్నీ తరమదు. లోతైన నీళ్లలో పైకీ కిందికీ కాకుండా మధ్యలో కదలకుండా నిలబడుతుంది. అదే చలికి షాడ్ అనే చిన్న చేపలు తట్టుకోలేక గిలగిలలాడుతూ చస్తుంటాయి. పది పన్నెండు అడుగుల లోతులో కదిలీ కదలకుండా ఊగే చిన్న జిగ్గు, చస్తున్న షాడ్‌లా కనపడుతుంది. నోటి ముందుకొచ్చిన ముద్దని బాస్ కాదనదు. బెండు కింద అంత పొడుగు దారం ఉంటే మామూలు కర్రతో విసరలేరు కాబట్టి తొమ్మిది, పది అడుగుల కర్రలు వాడతారు. మన వెదురు గెడలే అనుకోండి.

ఇక్కడ నాకొక ప్రశ్న వచ్చింది. అవి కొండ నదులు. రాళ్ల మీద పరిగెత్తే నీళ్లు. నది మధ్యలో చేప కదలకుండా నిలబడేంత లోతు నీళ్లు ఎక్కడివి?

డ్యాములవి. 1933 మే 18న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ టెన్నెసీ వ్యాలీ అథారిటీ చట్టం మీద సంతకం పెట్టాడు. పొట్టిగా టీవీఏ అంటారు. కరెంటు, వరద నియంత్రణ, పడవల దారి అని వరసగా డ్యాములు కట్టుకుంటూ పోయారు. మొదటిది క్లించ్ నది మీద నోరిస్ డ్యామ్, 1936లో అయింది, 80 మీటర్ల ఎత్తు. దాని కోసం సుమారు 2,900 కుటుంబాల్ని లేపారు. ఐదు వేలకు పైగా సమాధుల్ని తవ్వి వేరే చోటికి మార్చారు. 1948లో వటాగా డ్యామ్ కింద బట్లర్ అనే ఊరు మొత్తం మునిగింది. ఊరివాళ్లు పక్కన అదే పేరుతో మళ్లీ కట్టుకున్నారు. 1950లో సౌత్ హోల్‌స్టన్ డ్యామ్. ఫ్లోట్ అండ్ ఫ్లైకి పేరుపడ్డ నీళ్లలో ఈ వటాగా, సౌత్ హోల్‌స్టన్ ఉన్నాయి. ఇంకొకటి డేల్ హాలో, అది టీవీఏది కాదు, అక్కడి ఆర్మీ ఇంజనీర్లు కట్టింది. ప్రపంచ రికార్డు స్మాల్‌మౌత్, ఐదు కిలోల నాలుగు వందల గ్రాములది, 1955లో అక్కడే పడింది.

అంటే ఈ పద్ధతి నది నేర్పింది కాదు, రిజర్వాయర్ నేర్పింది. నీళ్ల తీరు మారితే చేప తీరు మారింది, చేప తీరు మారితే గాలం మారింది. ఇది వాళ్లనేదో తప్పుపట్టడానికి చెప్పట్లేదు. నిర్వాసితుల మనవళ్లు కూడా ఆ నీళ్ల మీద బెండు వేసుకునే ఉంటారు. కానీ అంతకు ముందు ఆ నదులు ఎవరివి అనేది చూడాలి.

చెరోకీలవి. 'టెన్నెసీ' అనే పేరే టనాసి అనే చెరోకీ ఊరి నుంచి వచ్చింది. లిటిల్ టెన్నెసీ నది ఒడ్డున టనాసి, చోటా, టోక్వా, సిటికో అని వరసగా ఊళ్లుండేవి. చోటా వాళ్లకి రాజధాని లాంటిది. వాళ్లు చేపలు పట్టిన తీరు చదువుతుంటే మనోళ్ల గురించి చదువుతున్నట్టే ఉంటుంది. నదికి అడ్డంగా రాళ్లు పేర్చి, 'వి' అక్షరం ఆకారంలో కట్టలు వేసి, ఆ మూల దగ్గర బుట్ట పెట్టి చేపల్ని అందులోకి తోలేవాళ్లు. ఎండాకాలం మడుగుల్లో వాల్‌నట్ బెరడు, బకై అనే చెట్టు కాయలు దంచి కలిపితే చేపలు మత్తుగా తేలేవి. మన కొండవాగుల్లో కాయలు దంచి కలిపేది ఇదే కదా. ఊరంతా కలిసి పట్టడం, ఊరంతా పంచుకోవడం. అక్కడి నదుల్లో ఆ రాతికట్టలు ఇప్పటికీ కొన్ని కనపడతాయి.

1830లో అమెరికా ప్రభుత్వం ఆదివాసీలను మిసిసిపీ నదికి పడమరకి తోలే చట్టం చేసింది. చెరోకీలు కోర్టుకెళ్లారు. 1832లో సుప్రీం కోర్టు వాళ్ల వైపే మాట్లాడింది. అయినా 1838లో సైన్యం వచ్చి సుమారు పదహారు వేల మందిని నడిపించుకుంటూ పోయింది. దారిలో, శిబిరాల్లో నాలుగు వేల మంది దాకా చనిపోయారని అంచనా. కొంతమంది కొండల్లో ఉండిపోయారు, వాళ్ల వారసులే నేటి ఈస్టర్న్ బ్యాండ్. అన్నట్టు, 1941లో హోల్‌స్టన్ నది మీద కట్టిన ఒక డ్యాముకి టీవీఏ పెట్టిన పేరేంటో తెలుసా? చెరోకీ డ్యామ్. మనుషుల్ని పంపించేసి పేరు ఉంచుకోవడం ఒక్క మన దగ్గరే అనుకునేవాణ్ణి.

ఇక టెలికో. ఈ కథ లా చదివేవాళ్లు ప్రత్యేకంగా చదవండి. లిటిల్ టెన్నెసీ నది మీద టెలికో డ్యామ్ పని 1967లో మొదలైంది. ఆ డ్యాములో కరెంటు మిషన్లే లేవు. నీళ్లని ఒక కాలవ గుండా పక్క డ్యాముకి పంపుతారు, అంతే. రిజర్వాయర్ కింద పోయేది టనాసి, చోటా ఉన్న లోయ. 1973లో డేవిడ్ ఎట్నియర్ అనే జంతుశాస్త్ర ప్రొఫెసర్ ఆ నదిలో వేలంత చేపని చూశాడు, స్నెయిల్ డార్టర్. అదే సంవత్సరం అంతరించిపోతున్న జీవుల చట్టం వచ్చింది. టెన్నెసీ యూనివర్సిటీలో హైరమ్ హిల్ అనే లా స్టూడెంట్, ఈ చేప మీద టర్మ్ పేపర్ రాయొచ్చా అని తన ప్రొఫెసర్ జిగ్మంట్ ప్లేటర్‌ని అడిగాడు. ఆ టర్మ్ పేపరే కేసు అయింది. 1978 జూన్ 15న సుప్రీం కోర్టు 6–3 తేడాతో డ్యామ్ ఆపమంది. కోర్టులో ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ ఒక చిన్న సీసాలో ఆ చేపని తెచ్చి, దీనికోసమా ఇదంతా అన్నట్టు చూపించాడు. అయినా ఓడిపోయాడు. కేసు పేరులో ఆ స్టూడెంట్ పేరే ఉంటుంది, టీవీఏ వర్సెస్ హిల్. మనం అసైన్‌మెంట్ ముందురోజు రాత్రి జిరాక్స్ తీసుకుంటాం, ఆయన అసైన్‌మెంట్ డ్యామ్ ఆపింది.

కొంతకాలం ఆపింది. 1979 జనవరిలో దీనికోసమే వేసిన కమిటీ లెక్కలు చూసి, దాదాపు పూర్తయిన డ్యామైనా సరే ఖర్చుకి తగ్గ లాభం లేదు, మినహాయింపు ఇవ్వొద్దు అని ఏకగ్రీవంగా చెప్పింది. అప్పుడు కాంగ్రెస్‌లో ఒక బడ్జెట్ బిల్లుకి చిన్న తోక తగిలించారు, టెలికోకి ఏ చట్టమూ అడ్డురాదు అని. సెప్టెంబర్ 25న అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాడు. చెరోకీలు చివరి ప్రయత్నంగా కోర్టుకెళ్లారు. అవి మా పూర్వీకులు పడుకున్న చోట్లు, మా మందుమొక్కల చోట్లు, మా మతం ఆ నేలతో కట్టి ఉంది అన్నారు. కింది కోర్టు, ఆ భూమి మీద మీకు హక్కు లేదు కాబట్టి కేసు నిలవదు అంది. ఒకప్పుడు లాక్కున్న భూమి మీద 1979లో హక్కు పత్రం అడిగారన్నమాట. నవంబర్ 29న గేట్లు మూశారు. పై కోర్టు 1980లో ఇంకో కారణం చెప్పింది: ఆ లోయ మీ మతానికి తప్పనిసరి కేంద్రం అని మీరు రుజువు చేయలేదు.

చేపని ముందే వేరే నదికి తరలించారు, అది బతికింది. ఇంకొన్ని చోట్ల కూడా కనపడింది. 2022లో ప్రమాద జాబితా నుంచి తీసేశారు. 2025లో కొందరు శాస్త్రవేత్తలు అసలది వేరే జాతే కాదు అని పేపర్ రాశారు, ఆ గొడవ వాళ్లది. చోటా ఉన్న చోట కొంత నేలని ఎత్తు చేసి ఎనిమిది స్తంభాలు నిలబెట్టారు. టనాసి నీళ్లలోనే ఉంది, ఒడ్డున ఒక రాయి పెట్టారు. తవ్వకాల్లో తీసిన అస్థికల్లో కొన్నిటిని 1986లో చెరోకీలు దగ్గర్లోనే తిరిగి పాతిపెట్టుకున్నారు. తమ భాషకి తానే లిపి తయారుచేసిన సెక్వోయా పుట్టింది కూడా ఈ లోయలోనే, ఆయన పేరుతో మ్యూజియం ఆ గట్టునే ఉంది. భాషకి లిపి అంటూ ఈ గ్రూపులో కొట్టుకునే అన్నలందరూ ఆయన గురించి చదవాలి, 1821లోనే చేశాడు. ఇక రైతుల దగ్గర తీసుకున్న ఒడ్డు భూముల్లో కొంత భాగంలో రిటైరైన డబ్బున్నవాళ్ల ఇళ్లు, గోల్ఫ్ మైదానాలు వచ్చాయి.

ఇది మనకెందుకు అంటారా. స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన మొదటి పెద్ద నదీ లోయ ప్రాజెక్టు దామోదర్ వ్యాలీ కార్పొరేషన్. 1948లో చట్టం. నమూనా టీవీఏదే, మొదటి ప్లాన్ గీసింది కూడా టీవీఏ ఇంజనీర్ వూర్డుయిన్. మునిగింది సంతాల్ ఊళ్లు. 1959 డిసెంబర్ 6న పంచేట్ డ్యామ్ దగ్గర నెహ్రూ తాను కాకుండా అక్కడ కూలిపని చేసిన సంతాల్ అమ్మాయి బుధ్ని మేఝాన్ చేత స్విచ్ వేయించాడు. ఫొటోలు దేశమంతా వచ్చాయి. ఆమె నెహ్రూకి దండ వేసింది కాబట్టి పెళ్లయినట్టే అని సొంత మనుషులు ఆమెను వెలివేశారు. తర్వాత ఉద్యోగమూ పోయింది. 1980లలో మళ్లీ ఇచ్చారు. 2023 నవంబర్‌లో చనిపోయింది. ఇందులో మన కట్టుబాటు తప్పు కూడా ఉంది, అది ఒప్పుకోవాలి. కానీ ఫొటోలో నిలబెట్టి తర్వాత పట్టించుకోనివాళ్ల తప్పు దానివల్ల తగ్గదు. మా ఊరు కూడా ముంపు జాబితాలో ఉన్నదే, కాబట్టి ఆ ఫొటో చూసినప్పుడు నేను డ్యామ్ చూడలేదు, ఆ అమ్మాయి చెయ్యి చూశా.

మళ్లీ గాలానికి వస్తా, ఒక ముఖ్యమైన విషయం మిగిలింది. సీసం. ఇంగ్లండులో జాలర్లు పారేసుకున్న చిన్న సీసం గుళ్లని హంసలు గులకరాళ్లనుకుని మింగి వేలల్లో చచ్చాయి. 1987లో అక్కడ చిన్న సీసం బరువుల్ని నిషేధించారు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో లూన్ అనే నీటిపక్షులు ఇలాగే చచ్చేవి. ఒక్క చిన్న సీసం జిగ్గు మింగినా ఆ పక్షి కొన్ని వారాల్లో పోతుంది. 2000 నుంచి అక్కడి చెరువుల్లో చిన్న సీసం బరువులు, జిగ్గులు వాడకూడదన్నారు, 2016 నుంచి ఔన్సు లోపువి అమ్మడం కూడా ఆపారు. ఇప్పుడు తగరం, టంగ్‌స్టన్, ఉక్కు వాడుతున్నారు.

మనోళ్లు ఏం చేస్తారు? సీసం గుండుని పళ్ల మధ్య పెట్టి కొరికి దారానికి బిగిస్తారు. పెద్దోళ్లని చూసి పిల్లలూ అదే చేస్తారు. సీసం రంగు, రుచి తెలియకుండా ఒంట్లోకి పోతుంది, పిల్లల మెదడుకి, చదువుకి దెబ్బ కొడుతుంది. ఊరెళ్లినప్పుడు తమ్ముళ్లకి, చెల్లెళ్లకి చెప్పండి. చిన్న శ్రావణంతో నొక్కండి, తర్వాత చేతులు కడుక్కోండి. ఇంకా మంచిది ఏంటంటే ఇనప నట్టు కట్టడం, లేదా మన పాత పద్ధతిలో గాడి ఉన్న గులకరాయి. ఎండ్రకాయకి తేడా తెలీదు, చేపకి అసలే తెలీదు.

చివరగా పోటీ పరీక్షలకి చదివేవాళ్ల కోసం. 2006 అటవీ హక్కుల చట్టం అంటే అందరూ పోడు పట్టా ఒక్కటే అనుకుంటారు. సెక్షన్ 3(1)(డి) తీసి చూడండి, నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కు అందులో రాసి ఉంది. 1996 పెసా చట్టంలో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలని ఉంది. మీ గ్రామసభ సామూహిక హక్కుల ఫారం నింపినప్పుడు వాగు, మడుగు, చెరువు పేర్లు రాశారా లేదా అడగండి. పేరు రాయకపోతే రేపు ఎవరో ఒకరు ఆ భూమి మీద మీకు హక్కు లేదు అంటారు, పైన చదివారు కదా.

ఒక పని కూడా చేద్దాం. మీ ఊళ్లో బెండుని, బరువుని, ముల్లుని, గాలం కర్రని మన భాషల్లో ఏమంటారో కింద కామెంట్లలో రాయండి. కోయ, గోండి, కొలామి, కువి, సవర, ఏదైనా. మండలం పేరు కూడా వేయండి. ఊళ్లో తాతకో, అవ్వకో ఫోన్ చేసి అడిగి రాస్తే ఇంకా మంచిది. సెలవుల్లోపు అన్నీ ఒక నోట్‌బుక్కులోకి ఎక్కిస్తా. మడుగుల పేర్లు కూడా రాయండి, ముఖ్యంగా ఇప్పుడు నీళ్ల కింద ఉన్నవి.